అక్క పంపిన ఆస్కర్

జూన్ 8, ఆదివారం

క్లినిక్‌కి ట్యాంకు వచ్చింది. ఐదడుగుల గాజు పెట్టె. మోసుకొచ్చినవాళ్లు మెట్ల మీద ఆగి ఆగి, ఇందులో ఏం పెంచుతారు మేడం, మొసలా అని అడిగారు. వెయిటింగ్ హాల్లో టీవీ తీసేసి అక్కడ పెట్టించాను.

కారణం ఉంది. జగిత్యాలలో నా దగ్గరికొచ్చే పేషెంట్లలో సగంమంది లోపల డ్రిల్ చప్పుడు వినగానే ఫోన్ మాట్లాడుతున్నట్టు బయటికి నడుస్తారు. మళ్లీ రారు. పోయిన వారం ఒకాయన చెప్పులు కూడా వదిలేసి వెళ్లాడు. నీళ్లూ మొక్కలూ చేపలూ చూస్తూ కూర్చుంటే బీపీ తగ్గుతుందని ఎక్కడో చదివాను. మా ఆయన ప్రేమ్‌కుమార్ చదవలేదు. పన్ను పీకించుకునేవాడికి చేపతో ఏం పని అంటాడు. కాలేజీలో కామర్స్ చెప్పేవాడికి చేప కూడా పెట్టుబడే.

సాయంత్రం మట్టి పరిచి మొక్కలు నాటాను. మోచేతుల దాకా బురద. బీడీఎస్ పట్టా చేతికొచ్చిన రోజు కూడా ఇంత సంతోషం లేదు.

జూన్ 11

చేపలేవి అని ఇవాళ అందరూ అడిగారు. నెల రోజులు ఉత్త నీళ్లూ మొక్కలే ఉండాలి, నీళ్లు కుదురుకోవాలి అన్నాను. ఒకావిడ, అయితే చేపలొచ్చాకే వస్తానని పంటి నొప్పితోనే వెళ్లిపోయింది.

జూన్ 22, ఆదివారం

కోరుట్ల వెళ్లాం, ఎహసాన్ భాయ్ అక్వేరియం షాపుకి. చేపలు కొనడానికి వెళ్తున్నాననుకున్నాను. సంబంధం మాట్లాడటానికని వెళ్లాక తెలిసింది. బోరు నీళ్లా, నల్లా నీళ్లా? మేత ఎవరు వేస్తారు? మీరు ఊరెళ్తే ఎవరు వేస్తారు?

ఏంజెల్ ఫిష్, టైగర్ బార్బ్ కావాలన్నాను. రెండూ కలిపి ఇవ్వనన్నాడు. బార్బులు ఏంజెల్ రెక్కలు కొరికి పీలికలు చేస్తాయట. పోనీ ఏంజెల్, నియాన్ టెట్రా అన్నాను. ఏంజెల్ పెద్దయ్యాక నియాన్లను మింగుతుందట. గోల్డ్ ఫిష్ అన్నాను. అది మీ మొక్కల్ని మేస్తుందన్నాడు. అందం చూసి తెచ్చుకుంటే కాపురం నిలవదని కౌంటర్ వెనకనుంచి వాళ్లమ్మ రషీదాబీ సలహా ఇచ్చింది. చేపల గురించే అయ్యుంటుంది. కానీ మా ఆయన వైపు చూస్తూ అంది.

చివరికి రెయిన్‌బోలు కుదిరాయి. అడుగున తిరుగుతూ ఏరుకు తినే కోరీలు కొన్ని. నియాన్ల దగ్గర నేను పట్టుబట్టాను. మీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, అవి ఓర్చుకోవు అన్నాడు. ఆర్వో నీళ్లు కలుపుతానని మాటిచ్చాను. నెల నిండాకే చేపలు చేతికిస్తాడట. వస్తుంటే ఒకే మాట చెప్పాడు: "మేడం, దేని నోట్ల ఏది పడ్తదో సూడుండ్రి. పట్టిందంటే గది మేతనే, దోస్తు కాదు."

జూలై 8

చేపలు వచ్చాయి. హాలంతా నిశ్శబ్దం. నియాన్లు గుంపుగా మలుపు తిరిగినప్పుడల్లా బెంచీ మీదున్నవాళ్ల తలలన్నీ అటే తిరుగుతున్నాయి. పేరు పిలిస్తే ఒకాయన పక్కాయన్ని ముందు పొమ్మన్నాడు, భయంతో కాదు, చూడటం కాలేదని. రిటైర్డ్ కండక్టర్ హన్మంతు గారికి పళ్లన్నీ బాగున్నాయి. అయినా పొద్దంతా కూర్చున్నారు. రేపూ వస్తారట.

వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అక్క చూసింది. ఏమీ అనలేదు. అనదు.

జూలై 13, ఆదివారం

రవీందర్ బావ వచ్చాడు! సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలన్నీ వదిలేసి, చేతిలో ఉబ్బిన ప్లాస్టిక్ కవర్ పట్టుకుని. లోపల అరచేయంత చేప, నల్లటి ఒంటి మీద నిప్పుకణికల్లాంటి మచ్చలు. ఆస్కర్ అట. మీ అక్క పంపింది అన్నాడు. అంతే, ఇంకొక్క మాట పెగల్లేదు. చాయ్ కూడా నిలబడే తాగి వెళ్లిపోయాడు.

స్వప్నక్క నాతో మాట్లాడి రెండేళ్లు. వాళ్ల తేజస్విని ఓణీల ఫంక్షన్‌లో, స్టేజీ మీద ఫొటో దిగుతూ, పిల్లకి పళ్లు ఎత్తున్నాయి, ఇప్పుడే క్లిప్పులు వేస్తే సరిపోతాయి అన్నాను. పక్కనే మైకు ఉంది. అది ఆన్‌లో ఉందని నాకెలా తెలుస్తుంది? వైద్యపరంగా నేనన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇప్పటికీ అదే అంటాను.

రెండేళ్ల తర్వాత అక్క నుంచి వచ్చిన మొదటి వస్తువు ఇది. కవర్ పట్టుకుని కాసేపు ఏడ్చాను. ఎవరినీ అడగలేదు. నేరుగా ట్యాంకులో వదిలాను.

జూలై 14

నియాన్లు కనిపించడం లేదు. ఆకుల వెనక ఉన్నాయేమో.

జూలై 15

ఆకుల వెనక లేవు. ఆకులే లేవు. సగం మొక్కలు వేళ్లతో సహా పైన తేలుతున్నాయి. రెయిన్‌బోలన్నీ ఫిల్టర్ పైపు పక్కన ఒక మూలకి నక్కాయి. ఆస్కర్ మాత్రం మధ్యలో నిలబడి నన్నే చూస్తోంది, ఇంకేం ఉన్నాయి అన్నట్టు. పిల్లలకు చూపించొద్దని హన్మంతు గారు ట్యాంకుకి అడ్డంగా పేపర్ పట్టుకుని కూర్చున్నారు.

ఎహసాన్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఏం చేప అని అడిగాడు, ఆస్కర్ అన్నాను. "మేడం, దాని నోరు సూడలేదా మీరు?"

పళ్ల డాక్టర్ని. నోరు చూడలేదు.

తిరిగి పంపించెయ్ అంటాడు మా ఆయన. ఎలా పంపను? చేప చాలా బాగుంది అక్కా అని మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి అక్క నుంచి ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. రెండేళ్లలో మొదటి బొటనవేలు.

జూలై 20

నాలుగు రోజుల క్రితం ఆస్కర్‌ను కోరుట్ల షాపులో హాస్టల్లో వేశాం. మా ఆయన బకెట్‌లో తీసుకెళ్లాడు. సీట్ బెల్ట్ కూడా పెట్టాడు. నేను మొక్కలు మళ్లీ నాటాను.

కష్టం ఇప్పుడు మొదలైంది. అక్క రోజూ చేప ఫొటో పెట్టమంటోంది. ఎహసాన్ భాయ్ షాపులో తీసి నాకు పంపిస్తాడు, నేను అక్కకి పంపిస్తాను. ఇవాళ్టి దాంట్లో గాజు మీద రషీదాబీ నీడ పడింది. ఆ ముసలామె ఎవరని అక్క అడిగింది. పేషెంట్ అన్నాను. పళ్లున్నాయా అని అడిగింది. కొన్ని అన్నాను.

రెండేళ్ల తర్వాత అక్కాచెల్లెళ్లం మాట్లాడుకుంటున్నది ఇది.

ఆగస్టు 1, శుక్రవారం

అక్క ఫోన్ చేసింది. రేపు పొద్దున కొండగట్టు అంజన్న దర్శనం చేసుకుని ఇటే వస్తారట. చేపను చూడాలట.

ఆగస్టు 2, శనివారం, సాయంత్రం

పొద్దున్నే మా ఆయన్ని బకెట్‌తో కోరుట్ల తోలాను. శనివారం, గుట్ట మీద రద్దీ ఉంటుంది, అక్కవాళ్లు మధ్యాహ్నం గానీ రారు అనుకున్నాను. పది కాకముందే గుమ్మంలో ఉంది. నుదుటన సిందూరం, చేతిలో కొబ్బరిచిప్ప. వెనక బావ, ఈసారి కూడా మాట లేదు.

లోపలికి రాగానే ట్యాంకు ముందు ఆగిపోయింది. మొక్కలు నిండుగా ఉన్నాయి. రెయిన్‌బోలు ఎండలో మెరుస్తూ తిరుగుతున్నాయి. కోరీలు అడుగున ఇసుక తవ్వుకుంటున్నాయి. ఆస్కర్ లేదు. నేను ఏదో చెప్పబోయాను. అక్క చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

సరిగ్గా అప్పుడు మా ఆయన వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. బకెట్ నేల మీద పెట్టాడు. ఆస్కర్ తల పైకెత్తి అందరినీ చూసింది. హన్మంతు గారు లేచి, బకెట్ మీద పేపర్ కప్పారు. ఏం లాభం.

అక్క బకెట్‌ను చూసింది, ట్యాంకును చూసింది, నన్ను చూసింది.

"గిది అన్నిట్ని తింటదని దుకాణపాయన ముందుగాల్నే చెప్పిండు" అంది. "తెలిసే పంపిన."

బావ గోడ వైపు తిరిగాడు. అతనికీ తెలుసన్నమాట.

నా స్టేటస్ చూసి అక్కకు ఒళ్లు మండిందట. నా బిడ్డను నవ్వులపాలు చేసి ఇది చేపలతో నవ్వుకుంటోందని. కోపంలో పంపేసింది. తీరా చేప చాలా బాగుంది అక్కా అని నేను పెట్టేసరికి ఆమెకు అన్నం సయించలేదు. ఫొటోలు అడిగింది ఆస్కర్ కోసం కాదు, వెనకాల ఇంకేవైనా బతికున్నాయేమో చూసుకోవడానికి. ప్రతి ఫొటోలోనూ అదొక్కటే. ఒక్క మొక్క కూడా లేదు. షాపులో ఉత్త గాజు పెట్టె అని ఆమెకేం తెలుసు? అంతా ఊడ్చేసిందనుకుంది. ఇవాళ గుట్ట మీద అంజన్నకు మొక్కింది ఏమిటంటే, చెల్లె చేపలు రెండన్నా మిగలాలని.

నాకు కోపం రావాలి. నియాన్లు గుర్తొచ్చాయి కూడా. కానీ ఒక మనిషి నా మీద కోపంతో షాపుకి వెళ్లి, ఏది ఎక్కువ తింటుందో కనుక్కుని, కవర్‌లో ఆక్సిజన్ పట్టించి, సాంచాలు ఆపించి మొగుణ్ణి పంపిందంటే, రెండేళ్లలో నన్ను ఒక్కరోజూ మరిచిపోలేదన్నమాటే.

"పిల్ల పండ్ల సంగతి నాకొక్కదానికి చెప్తే అయిపోవు గద భాగ్యా" అంది.

మైకు సంగతి నోటి దాకా వచ్చింది. మింగేశాను. తప్పే అక్కా అన్నాను. ఇద్దరం ఏడ్చాం. నలుగురు పేషెంట్లు చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లలేదు.

తర్వాత అందరం కారులో కోరుట్ల వెళ్లాం. బకెట్ అక్క ఒళ్లో. మెట్‌పల్లి రోడ్డు గుంతలన్నీ అక్క చీర మీదే పడ్డాయి. ఆస్కర్‌ను రషీదాబీ తీసుకుంది. షాపులో పెద్ద తొట్టి, అదొక్కటే. దుకాణానికి దిష్టి తగలకుండా ఉంటుందట.

ఆగస్టు 24, ఆదివారం

సిరిసిల్లలో అక్క కూడా ట్యాంకు పెట్టింది. నన్నడగకుండానే చేపలు వేసేసింది. ఫొటో పంపి, ఎట్లున్నయి అని అడిగింది. చూశాను. వారం తిరిగేసరికి సగం ఉండవు.

ఫోన్ చేశాను. పక్కన ఎవరైనా ఉన్నారా అక్కా అని ముందు అడిగాను. బావ ఉన్నాడంది. కొంచెం బయటికి పంపమన్నాను.