దుంకేలు

అక్కా,

నీ కుట్టుమిషన్ చప్పుడు మధ్యలో చదువుతావని తెలిసి కాస్త పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను. షాపు అడ్రసుకే పంపమన్నావుగా, బావగారి కంట పడకుండా కత్తిరించిన గుడ్డల కింద దాచెయ్. "ఫోన్ చేసి చావొచ్చుగా" అని తిట్టుకోకు. కొత్త నంబరు ఎవరికీ ఇవ్వొద్దని లాయరమ్మ గట్టిగా చెప్పింది. "మా అక్కకి కూడానా?" అంటే, "మీ అక్క ఫోన్ ఇంకెవరెవరు తీస్తారో మీకు తెలుసా?" అంది. లాయర్లకి నోరు ఊరికే రాలేదు. అడ్రసు మాత్రం నీకిచ్చానని ఆవిడతో చెప్పలేదు. నీకూ చెప్పకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

ఇక్కడ కబురేమిటంటే, ఇంట్లో రౌటర్ చచ్చిపోయింది. ఈ ఫ్లాటుతో పాటు వచ్చిన ముసలి పెట్టె అది. నాలుగు రోజులు మూలిగి, వేడెక్కి, నిన్న ఎర్ర లైటు పెట్టి కూర్చుంది. నాకు నెట్ అంటే సినిమాలు కాదని నీకు తెలుసు. కళ్ళజోళ్ళ కంపెనీకి ఫోన్లెత్తడమంతా ఈ బల్ల దగ్గరే. "అద్దానికి గీతలు పడ్డాయి, డబ్బాలో గుడ్డ లేదు" అని జనం నన్ను తిట్టడానికైనా నెట్ ఉండాలిగా! ఉద్యోగం ఉంటేనే పాప. జడ్జిగారు ఆ మాట ముఖం మీదే చెప్పారు. వచ్చే వాయిదా నాటికి నిలకడైన సంపాదన చూపిస్తే పాప నా దగ్గర, లేకపోతే వాళ్ళ నాన్న దగ్గర.

అందుకని ఈ రోజు సెలవు పెట్టి వీధి చివర ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళాను. ఒక్కో రౌటర్‌కి ఎన్ని యాంటెన్నా కొమ్ములే! ఒకటైతే సాలీడు కాళ్ళు పైకెత్తుకుని పడుకున్నట్టు ఉంది. దాని ధర చూసి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. షాపావిడ మంచిది. "రెండు గదుల ఇంటికి ఇదెందుకమ్మా? ఈ రెండు కొమ్ములది చాలు" అని చిన్నది చూపించింది. లేకపోతే నెట్ కంపెనీ వాళ్ళే అద్దెకిస్తారట, నెలనెలా బిల్లులో కలిపేస్తారు, అది మనం చచ్చేదాకా వదలదు. ఎవరో వాడి ఇచ్చేసినవి కూడా ఒక బుట్టలో ఉన్నాయి, సగం ధరకే. వాటిని చూస్తుంటే ఆవిడ, "అవి వద్దులెండి, లోపల ఎవరేం పెట్టి వదిలారో మనకి తెలీదు" అంది. లాయరమ్మ ఫీజు ఇంకా కట్టాలి. రెండు కొమ్ముల దాన్నే పట్టుకుని, పెట్టి, మళ్ళీ పట్టుకుని, చివరికి ఉత్త చేతులతో వచ్చేశాను. నెలాఖరుదాకా ఫోన్ నెట్‌తోనే ఈడ్చాలి.

పాప బాగుంది. కుందేలుని ఇప్పటికీ "దుంకేలు" అనే అంటోంది. ఏడేళ్ళొచ్చాయి, ఇంక దిద్దుకోదు. నాకూ దిద్దాలనిపించట్లేదు.

నీ వాగుడుకాయ


మా అక్కయ్యకి,

నువ్వు మనిషివి కాదే తల్లీ! పార్సిల్ విప్పి చూసి నేను కాసేపు నేలమీదే కూర్చుండిపోయాను. షాపులో నేను చెయ్యి వెనక్కి తీసుకున్న ఆ సాలీడుకి అన్నగారిలా ఉంది ఇది. "బావకి ఆఫీసులో ఇచ్చారు, వాడకుండా పడుంది" అని రాశావు. బావగారికి నా మీద ఇంత దయ ఎప్పటినుంచి? ఆయన పెదవి విరుపు నాకు తెలీదా? సరేలే, ఆయన్ని కూడా మంచివాళ్ళ లెక్కలో వేసేస్తున్నాను.

నువ్వు రాసిన పేరూ పాస్‌వర్డూ కొట్టగానే ఫోనూ కంప్యూటరూ రెండూ టక్కున అందుకున్నాయి. నేను పాప టాబ్లెట్‌కి కూడా పెడదామని వెళ్ళేసరికి అదప్పటికే కార్టూన్ చూస్తోంది. గడుగ్గాయి, నీ కాగితం చూసి తనే కొట్టుకున్నట్టుంది.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రౌటర్ ఎలా ఉంటుందో నేను చూడనే లేదు, తెలుసా? పాప వాళ్ళ నాన్న గదిలో, తాళం వేసిన అల్మారాలో ఉండేది. ఫోన్లో వెతికినా మాకు నెట్ పేరు కూడా కనిపించేది కాదు. పక్కింటివాళ్ళు చూస్తారని దాచి పెట్టాననేవాడు. నేను ఎప్పుడు ఏం చూశానో రాత్రి భోజనాల దగ్గర వరసగా చెప్పి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఇప్పుడు చూడు, నా రౌటర్ నా బల్ల మీద, నా ఎదురుగా, పచ్చ లైట్లు ఆడిస్తూ ఉంది. ఇంతకంటే ఏం కావాలి?

ఒక చిన్న చికాకు. నిన్నా మొన్నా పని మధ్యలో నెట్ పోయింది. ఒక పెద్దాయన తన మనవరాలి కళ్ళజోడు గురించి చెప్తూ చెప్తూ ఉండగా పుటుక్కుమంది. కొత్త చోటు కదా, సర్దుకుంటుందిలే.

నీ వాగుడుకాయ


అక్కా,

ఈ ఉత్తరం రాస్తూ కిటికీ తెర వేసుకున్నాను. పట్టపగలు. నవ్వకు.

నెట్ సర్దుకోలేదు. అది పోయేది నేను హెడ్‌ఫోన్ తగిలించుకున్నాకే. పాప కార్టూన్లు చూసేటప్పుడు ఒక్కసారంటే ఒక్కసారి పోలేదు. కంపెనీ మనిషొచ్చి తీగంతా చూసి "లైను బంగారంలా ఉందండీ" అని వెళ్ళాడు. మా ఆఫీసు టీమ్ లీడర్ మేడమ్ మొన్న విడిగా పిలిచి, "మీరంటే నాకిష్టమే కానీ, ఇలా కాల్స్ మధ్యలో తెగిపోతే నేను మిమ్మల్ని ఉంచుకోలేను" అంది. గొంతు మెత్తగానే ఉంది. ఆ ఉద్యోగం పోతే జడ్జిగారి ముందు నేనేం చూపించాలి?

అసలు భయం అది కాదు. లాయరమ్మ నన్ను పిలిపించి, అవతలివాళ్ళు కోర్టులో వేసిన కాగితం చదివి వినిపించింది. "తల్లి ఇంటర్నెట్ సరిగా లేని ఇంట్లో ఉంటూ ఉద్యోగం పోగొట్టుకునే స్థితిలో ఉంది. సాయంత్రాలు పాపని ఒంటరిగా వదిలి బయటికి పోతోంది" అని. ఏ రోజు సాయంత్రాలో కూడా రాశారక్కా. అవి నేను బట్టలుతకడానికి కింద మెషిన్ల గదికి వెళ్ళే రోజులు! బకెట్టు పట్టుకుని, ఫోను జేబులో వేసుకుని, మూడంతస్తులు దిగి, బట్టలు పడేసి వచ్చేస్తాను. పాప తలుపు గడియ పెట్టుకుని టాబ్లెట్ చూస్తుంటుంది. ఎవరు చూశారు? ఈ ఇంటి సంగతే ఆయనకి తెలీదనుకున్నానే!

అప్పటినుంచి ఎదురింట్లో బాల్కనీలో గడ్డం గీసుకునే ఆయన్ని చూసినా అనుమానమే. పక్క ఫ్లాటు పెద్దావిడ "పాపకి జలుబు తగ్గిందా?" అని అడిగితే, జలుబని నీకెవరు చెప్పారన్నట్టు చూశాను. పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా ఆగిపోతే నా పనీ ఆగిపోతోంది. పాప నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో అలాగే మాట్లాడేది. అది చూసి నాకు ఏడుపొచ్చేసింది.

నువ్వొక్కదానివే నాకు మిగిలావు. ఎవరికీ చెప్పకు, బావగారికి అసలే వద్దు. మళ్ళీ షాపావిడ దగ్గరికి వెళ్ళాను. పక్కవాళ్ళెవరైనా మన నెట్ దొంగతనంగా వాడుతున్నారేమో, పాస్‌వర్డ్ మార్చి చూడమంది.

నీ వాగుడుకాయ


అక్కా,

పాస్‌వర్డ్ మార్చాను.

షాపావిడ చెప్పినట్టే పెట్టె కిందున్న అంకెలతో దాని సెట్టింగుల్లోకెళ్ళి, పాతది తీసేసి కొత్తది పెట్టాను. వెంటనే నా ఫోన్ నెట్ వదిలేసి కొత్త పాస్‌వర్డ్ అడిగింది. కంప్యూటరూ అడిగింది. అప్పుడు పక్క గదిలోంచి పాప నవ్వు వినపడింది. కార్టూన్ ఆగలేదు.

వెళ్ళి అడిగాను, "బుజ్జీ, నీకు పాస్‌వర్డ్ అడగలేదూ?"

"నాకెప్పుడూ అడగలేదు."

"మొదట్లో పెద్దమ్మ కాగితం చూసి కొట్టుకున్నావుగా?"

"లేదమ్మా. అదే వచ్చింది." టాబ్లెట్ నా వైపు తిప్పి చూపించింది. "ఇది మన పాతింటి నెట్టేగా. దుంకేలు."

టాబ్లెట్ చేతిలోకి తీసుకున్నాను. ఆ తెర మీద తెలుగు అక్షరాల్లో దుంకేలు అని ఉంది. మా ఇంట్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని మాటది. పాపకి ఇంత సేపే చూడాలని గంటలు కట్టడానికి ఆయన ఆ ఇంటి రౌటర్‌లో వేరేగా ఇంకో నెట్ పెట్టి, దానికి పాప మాటే పేరుగా పెట్టాడు. అదీ ఎవరికీ కనిపించకుండా దాచి. ఇది ఆ అల్మారాలోని పెట్టే. నాకు పంపేముందు పైపైన పేరూ పాస్‌వర్డూ మార్చాడు కానీ, తనే దాచిపెట్టిన దాన్ని తనే మర్చిపోయాడు. టాబ్లెట్ మర్చిపోలేదు.

పెట్టె తీసుకుని షాపుకి పరుగెత్తాను. ఆవిడ దాన్ని తగిలించి చూసి, కుర్చీ నా వైపు జరిపి, "కూర్చోండమ్మా" అంది. దూరం నుంచి చూసే ఏర్పాటు అందులో ఎవరి ఖాతాకో కట్టి ఉందట. ఎక్కడ కూర్చునైనా ఏ ఫోన్ ఇంట్లో ఉందో, ఏది బయటికెళ్ళిందో కనపడుతుంది. నచ్చినప్పుడు నా కంప్యూటర్ ఒక్కదానికే నెట్ ఆపెయ్యొచ్చు. నా ఫోన్ మెట్లు దిగి, పాప టాబ్లెట్ ఇంట్లో ఉండిపోతే, తల్లి బిడ్డని వదిలి వెళ్ళిందని ఆయన లెక్క. ఎదురింటి ఆయన కాదు, పక్కింటి పెద్దావిడా కాదు. నేను రోజూ పొడి గుడ్డతో దుమ్ము తుడిచిన పెట్టె.

ఆవిడ ఫోన్ నుంచే నీకు చేశాను. నువ్వేమన్నావో నీకు గుర్తుందా? నాకు ప్రతి మాటా గుర్తుంది.

"బావ ఆఫీసుదన్నావు. ఇది ఆయనదక్కా."

నీ వెనకాల మిషన్ ఆగింది. "చిట్టీ, మరిదిగారు మారిపోయాడే. పాప చదువు ఆగకూడదని తనే తెచ్చిచ్చాడు. నా పేరు చెప్పొద్దు వదినగారూ, తీసుకోదు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"అడ్రసు?"

"అడ్రసు నేను చెప్పలేదు, ఒట్టు! నేనే పోస్టు చేశాను."

"పెట్టే చెప్పుకుంటుందిగా, ఎక్కడుందో."

"నాకవన్నీ ఏం తెలుస్తాయే? మీ కాపురం నిలబడుతుందనుకున్నాను..."

నీకు తెలీదనే నమ్ముతున్నాను. నిజంగా నమ్ముతున్నాను. కానీ నాకు చెప్పేది అబద్ధమని మాత్రం నీకు తెలుసు. ఆయన కళ్ళనీళ్ళు చూశావు, మరి నావి? ఆ ఇంట్లోంచి పాపని చంకనేసుకుని వచ్చిన రోజు నీ ఒడిలోనేగా తల పెట్టుకున్నాను!

ఇప్పుడు విను. మేమా ఇంట్లో లేము. ఎక్కడున్నామో ఈ ఉత్తరంలో లేదు, కవరు మీదా ఉండదు. ఇక్కడ రెండు కొమ్ముల చిన్న రౌటర్ కొన్నాను, షాపావిడ మొదట చూపించినదే. వచ్చినప్పటినుంచి ఒక్క కాల్ కూడా తెగలేదు. లీడర్ మేడమ్ "ఇది కదా నేనడిగింది" అని మెసేజ్ పెట్టింది.

నీ పెట్టెని పారెయ్యలేదు. అందులో ఉన్నదంతా లాయరమ్మ ఫొటోలు తీయించుకుంది. మళ్ళీ పాస్‌వర్డ్ యథాప్రకారం పెట్టేసి, ఆ ఖాళీ గదిలో, అదే బల్ల మీద పెట్టి వచ్చాము. నేనిన్నాళ్ళూ వాడిన ఫోన్‌నీ పాప టాబ్లెట్‌నీ ఛార్జర్లకి తగిలించి పక్కనే ఉంచాము. పచ్చ లైట్లు ఆడుతూనే ఉన్నాయి. ఆయన దృష్టిలో నేను ఇంట్లోనే ఉన్నాను, ఒక్క గడప కూడా దాటడం లేదు. ఆయనకి ఎప్పుడూ కావలసింది అదేగా.

ఆ పెట్టె మీ ఇంటి నుంచి వచ్చిందని, తనకేం సంబంధం లేదని కోర్టులో అంటాడట. ఎవరు తెచ్చిచ్చారో చెప్పగలిగేది నువ్వొక్కదానివే. వాయిదా రోజు లాయరమ్మ నీ పేరు పిలిపిస్తుంది. నేను బతిమాలను.

ఆ గది ఖాళీ అన్న సంగతి ఇప్పుడు లాయరమ్మకీ షాపావిడకీ కాక నీకొక్కదానికే తెలుసు. నీ నోటి నుంచి ఆ మాట దాటిందంటే, ఆయన మొదట చేసే పని దూరం నుంచే ఆ పెట్టెని ఆర్పెయ్యడం, తన జాడలు చెరిపెయ్యడం. ఆ బల్ల పక్క కిటికీ వీధిలోంచి కనపడుతుంది. షాపావిడ రోజూ షాపు తెరిచేటప్పుడు ఒకసారి తలెత్తి చూసి నాకు చెప్తానంది.

లైట్లు వాయిదా దాకా వెలుగుతూ ఉంటే, కోర్టు హాల్లో నా పక్కన నీకు కుర్చీ పట్టి ఉంచుతాను. పాప కూడా పెద్దమ్మ వస్తుందా అని అడుగుతోంది. ఆరిపోతే, రావద్దు.

నీ చెల్లెలు