పాపను ముట్టుకునే ముందు

అక్కా,

మన కవల మనవల్లో బాబు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయిన ఆదివారం నుంచి నువ్వు సరిగ్గా తినలేదు. అన్నం వండి మూతపెట్టాను, పప్పు పక్కనే ఉంది. తిని, ఉతికిన చీర కట్టుకుని, గోళ్లు తీసుకుని గుంటూరు బస్సెక్కు.

నిన్న ఆసుపత్రిలో నర్సు సిద్దికా నిన్ను పాప దగ్గరికి రాకుండా ఆపితే, "నలుగుర్ని పెంచిన చేతులివి, వీటికేం రోగం?" అని అలిగి వచ్చేశావు. గేటు దగ్గర కడుక్కున్నావు, నిజమే. ఆ తర్వాత చెప్పులూ, తలుపు గొళ్లెమూ ముట్టుకున్నావు. మిరపకాయలకు తొడిమలు తీసిన రోజున, చేతులు కడుక్కున్నా సరే, నువ్వు పసిపిల్లల మొహం తాకవు. కంటికి కనబడని కారం సంగతి నీకు నేను చెప్పాలా? ఇదీ అలాంటిదే.

నువ్వెళ్లాక ఆ అమ్మాయినే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో బిడ్డను తాకే ముందు మోచేతుల దాకా రుద్ది కడుక్కుంటోంది. "ఇప్పుడేగా కడుక్కున్నావమ్మా" అన్నాను.

"అది ఆ బిడ్డకండీ మాస్టారూ. ఈ బిడ్డ వేరు కదా" అంది.

అరచేతిలో పట్టే ప్రాణానికి అంత మర్యాద నేనెక్కడా చూడలేదు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

త్రినాథ్

తర్వాత నేనూ కడుక్కుని వెళ్లాను. బాబు గుర్తొచ్చి చేతులు చాపలేకపోయాను. పాపనింకా ఎత్తుకోలేదు.