శ్రావణికి నేనిచ్చిన ట్యూబు

హన్మకొండ,
ఆదివారం మధ్యాహ్నం.

స్వరూపక్కకు,

నీ చెల్లెలు రజిత నమస్కారాలు. నేను, మీ మరిది ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు, బావ, శ్రావణి, అత్తమ్మ అక్కడ బాగున్నారని తలుస్తాను. ఈ చలికి అత్తమ్మ మోకాళ్లు మళ్లీ పట్టేస్తున్నాయా? ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, వాకిట్లో ఉన్నవాళ్లంతా వింటారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. నీ బిడ్డ ముఖం గురించి.

శ్రావణి బట్టల అలమరలో ఒక చిన్న క్రీము ట్యూబు ఉంటుంది. అది నేనిచ్చిందే. నీకు చెప్పొద్దన్నదీ నేనే. కోపం తెచ్చుకో, కానీ మొత్తం చదివి తెచ్చుకో.

నా పని నీకు తెలిసిందే. చీరల దుకాణం తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉంటాం. పాదాలు వాచి చెప్పులు పట్టవు. కస్టమర్ అడిగిన చీరనల్లా చుట్టుకుని, కుచ్చిళ్లు పెట్టుకుని, లైట్ల కింద నిలబడి చూపించాలి. ఎండాకాలంలో నా బుగ్గల మీద నల్లగా మంగు వచ్చింది. ఒకనాడు మా సేటు అందరి ముందూ అన్నాడు: "రజితా, నువ్వు జర లోపల మడతలు పెట్టు. కట్టి చూపెట్టేటందుకు ఇంకొకల్లను పిలుస్త." ఆ రోజంతా మడతలు పెడుతూ ఏడ్చాను. ఇక్కడ మన ఏడుపు వినేవాళ్లు కూడా లేరక్కా. మీ మరిది ఆటో తోలి వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది. అలసిపోయి, ఇద్దరం మాటా పలుకూ లేకుండా తిని పడుకుంటాం.

పక్క కౌంటర్ పిల్ల ఈ ట్యూబు పేరు చెప్పింది. మందుల దుకాణంలో డాక్టర్ చీటీ కూడా అడగకుండా ఇచ్చారు. పది రోజుల్లో మంగు పోయింది, ముఖం తెల్లబడింది. సేటు మళ్లీ లైట్ల కిందికి పిలిచాడు. బతుకమ్మకు తొర్రూరు వచ్చినప్పుడు మీరంతా "పట్నం నీళ్లు పడ్డయే నీకు" అంటుంటే నవ్వి ఊరుకున్నాను. గర్వంగా ఉండింది. శ్రావణి ఒక్కతే వదల్లేదు. "చిన్నమ్మా, నిజం చెప్పు, ఏం పూస్తున్నవ్?" అని నా వెంటే తిరిగింది. మొటిమల మచ్చలతో కాలేజీకి పోబుద్ధి కావట్లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. బ్యాగులోంచి ఇంకో ట్యూబు తీసి దాని చేతిలో పెట్టాను.

దీపావళి దాటాక నా ముఖం తిరగబడింది. ఎండ తగిలితే మంట. ఒక్కరోజు పూయకపోతే ఎర్రగా కందిపోతుంది. బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు, గడ్డం నిండా పొక్కులు. నీ వీడియో కాల్ ఎత్తనిది అందుకే, పనిలో ఉన్నానన్నది అబద్ధం.

ఎవరికి చూపించాలో తెలియలేదు. ఇక్కడి రోడ్ల మీద చర్మం, జుట్టు, లేజర్ అనే బోర్డులకు కొదవ లేదు. సెలవు దొరికినప్పుడల్లా తిరిగాను. పార్లర్ ఆమె దూరం నుంచే చూసి "ఫేషియల్ జేస్తే గదే పోతది" అంది. చేయించుకుంటే ఇంకా మండింది. తర్వాత అద్దాల తలుపుల క్లినిక్‌కు పోయాను. తెల్లకోటు వేసుకున్న పిల్ల ఆరుసార్లు లేజర్ చేయాలంది. "డాక్టర్ సారు యాడ ఉన్నరమ్మా?" అని అడిగాను. "సార్ హైదరాబాద్‌ల ఉంటరు, నెలకొక్కసారి వస్తరు. మెషిన్ మేమే కొడతం" అంది. లేచి వచ్చేశాను. ఇంత పెద్ద ఊళ్లో నా ముఖాన్ని సరిగా చూసే మనిషి దొరకడానికి నెల పట్టింది.

చివరికి మీ మరిదే సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. లైనులో మూడు గంటలు నిలబడ్డాను, అది నాకు అలవాటే. చర్మం డాక్టరమ్మ నా ముఖాన్ని వెలుగుకు తిప్పి చూసి, ట్యూబు అడిగి తీసుకుంది. "ఇది స్టెరాయిడమ్మా. కొన్ని రోగాలకు కొన్ని దినాలే వాడాలె. తెల్లగయ్యేటందుకు మొఖానికి పూస్తరా? చర్మం పల్చబడ్డది. ఒక్కసారే ఆపితే ఇంకా కందుతది, నేను చెప్పినట్టు ఆపాలె. నయమైతది గని, నెలలు పడతది" అంది. చీటీ రాస్తూ అడిగింది: "ఇంట్ల ఇంకెవలన్న పూస్తున్నరా?"

"లేదమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. సిగ్గేసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆ ముందు రోజే శ్రావణి మెసేజ్ పెట్టింది, "చిన్నమ్మా, ట్యూబ్ అయిపోవచ్చింది, ఇంకోటి పంపు" అని.

అక్కా, దాన్ని తిట్టకు. తప్పు నాది. ట్యూబు లాక్కుని పారేయకు, వెంటనే దాన్ని తీసుకుని ఇక్కడికి రా. డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం కూర్చుంటుంది. ఉండడానికి ఫికర్ చేయకు, గది చిన్నదే గానీ సర్దుకుందాం. వచ్చేటప్పుడు మన ఇంటి కారం కొంచెం తే, ఇక్కడిదానికి మంటే గానీ రుచి లేదు. బావకు, అత్తమ్మకు నా దండాలు చెప్పు. నన్ను ఎంత తిట్టినా సరే, చివర్లో చల్లగుండమని ఒక్క మాట దీవించు.

మీరు బస్సు దిగేచోట నిలబడతాను, ముఖానికి చున్నీ కట్టుకోకుండా. శ్రావణిని ముందు నా ముఖం చూడనీ. తర్వాత దాని చేయి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఆ రోజు అబద్ధం చెప్పానని, ఈ పిల్లకు పూసుకోమని ఇచ్చింది నేనేనని చెబుతాను.

నీ చెల్లెలు,
రజిత