దగ్గితే భయం

సుమనా,
ఇప్పుడే కన్నంటుకున్నదని లేపలే. మగ్గాల ఖాతాల పనికి పోతున్న. నీ వేళ్లు బిగుసుకపోయినయని గోలీలు అట్టలకెల్లి తీసి గిన్నెల పెట్టిన, తిన్నంక ఏసుకో. నీళ్ల బిందె ముట్టకు. తోలు గట్టిపడే ఈ జబ్బుకు బొక్కలు సుత గుల్లయితయని డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది గద, నిన్న మల్ల బిందె ఎందుకు ఎత్తినవ్?

నువ్వు దగ్గంగనే ఎదురింటి భాభీ కరోనా అని తలుపేసుకుంటున్నది. నాకేమో ఆ దగ్గుకు నీ పక్కబొక్క యాడ ఇరుగుతదో అని భయం. ఇప్పుడు సూరత్‌ల ఏ దవాఖానల మంచం దొరుకుతలేదు.
లింగం

మర్చిపోయిన. బాత్రూంల గొళ్లెం పెట్టకు. నువ్వు లోపట పడితే తలుపు పలగ్గొట్టనీకి నాకు చెయ్యి రాదు. దానెనుక నువ్వే ఉంటవ్.