రాగ్ పాడలేదట

బాలమణీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మనవరాలు సుజాత నీ ట్రంకుపెట్టెలోంచి ఆ మరాఠీ బొమ్మల పుస్తకం తీసింది. నాగ్‌పాడాలో పాత కాగితాల కొట్లో నేను కొన్నదే. అందులో భూతానికి ఎర్ర మొహం, చెవుల్లో పొగ, పేరు రాగ్.

నా మరాఠీ బస్సు బోర్డులు దాటలేదు. ఆ బోర్డుల్ని నమ్మి వర్లికి బదులు ఎక్కడెక్కడ తేలానో, ఆ కథ ఇప్పుడొద్దులే. అప్పట్లో, రాగ్ పాడుతున్నాడనీ, జనం మైమరచి గిన్నెలు విసురుకుంటున్నారనీ నీకు చదివి వినిపించాను. నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నావు.

సుజాత పకపకా నవ్వింది. "తాతా, రాగ్ అంటే పాట గాదు. మరాఠీల దాని అర్థం కోపం. గది గూడ తెల్వదా?"

ముప్పై ఏళ్ళు మరాఠీ ఇళ్ళల్లో అంట్లు తోమావు. నీకు తెలియదా ఆ మాట? ఉప్పు తక్కువైందని నేను కంచం తోసినప్పుడల్లా, "మొదలువెట్టిండు రాగం. కిటికీ మూయి సుజాతా, పక్క ఖోలీవాళ్ళు వింటరు" అనేదానివి. పాటగాణ్ణి చేశావని నవ్వొచ్చి, కంచం మళ్ళీ దగ్గరికి లాక్కునేవాణ్ణి.

ఇవాళ సుజాత చేసిన పప్పులో ఉప్పే లేదు. మొత్తం తిన్నాను. కిటికీ తెరిచే ఉంది.