ఊనా పాపీలకు ఊత పుల్లలు

సఫోక్ జిల్లా థార్న్‌హోమ్ గ్రామ నివాసి, అవివాహిత, డెబ్బై ఎనిమిదేళ్ల డోర్కస్ గర్లింగ్ అనే నేను తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నాకు మతి చలించలేదని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం జతపరిచాను. నాలుగో అంశం చదివాక దాని అవసరం పడుతుంది.

1. నా ఇల్లు, అందులోని సామాను నా చెల్లెలు ఊనా కూతురు మావిస్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఆరేళ్ల పిల్లప్పటి నుంచి పెంచాను. వంటింటి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. దాన్ని అలాగే ఉండనివ్వాలి.

2. ఇత్తడి కొవ్వొత్తి స్టాండు పక్కింటి ఆల్బర్ట్ కట్టింగ్‌కు ఇవ్వవలెను. కోసిన పాపీ పూలు తొందరగా వాడిపోకుండా ఊనా కాడల చివర్లను ఆ మంట మీద కాల్చి ఊరి పూల పోటీకి తీసుకెళ్లేది. పదకొండేళ్లు మొదటి బహుమతి ఆమెకు, రెండోది నాకు. ఏటా ఈయన గోడ మీదుగా తొంగిచూసి, "ఏం డోర్కస్, ఈసారీ రెండోదేనా? పోన్లే, నీకు అలవాటేగా" అనేవాడు. ఆ మాట నేను మరవలేదని ఆయనకు తెలియాలి.

3. దక్షిణపు గోడ వారన, రోజంతా ఎండ పడే పూలబారు కూడా మావిస్‌దే, కాని ఒక షరతు మీద. అది చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. 1931 జూన్‌లో ఊనా మంచం పట్టింది. కిటికీలోంచి తన ఓరియంటల్ రకం పాపీలను చూసుకోవడం ఒక్కటే ఆమెకు మిగిలిన సుఖం. నిండుగా పూసిన ఆ తొమ్మిది మొక్కలనూ ఆమె చూస్తుండగానే పారతో తవ్వి పారేశాను. గులాబీలు పెడతానని చెప్పాను. అబద్ధం, అది కడుపుమంట. ఊనా ఏడవలేదు. నేను చేతులు కడుక్కుంటుంటే, "పాపీని పారతో తవ్వకూడదక్కా, తెగిన ప్రతి వేరుముక్కా మొక్కవుతుంది. నన్నూ అంత తేలిగ్గా వదిలించుకోలేవులే" అని మెల్లగా అంది. జూలైలో పోయింది. మరుసటి వసంతంలో నలభై ఒక్క మొక్కలు మొలిచాయి.

4. ఆ ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా ఏటా, పాపీలు బరువెక్కి వాలకముందే, ఎవరో వాటి చుట్టూ హేజెల్ చెట్టు పుల్లలు గుచ్చి పురికొస చుడుతున్నారు. ముడులు ఎడమచేతి వాటం. ఊనాది ఎడమచెయ్యి. "పెద్దమ్మా, నిద్రలో లేచి నువ్వే కడుతున్నావేమో" అంటుంది మావిస్. కీళ్లనొప్పులతో నా బూటు తాడు నేను కట్టుకోలేక ఏడేళ్లయింది. కాబట్టి మావిస్ ఏటా మార్చి ఆఖరుకల్లా ఒక మోపు పుల్లలు, ఒక పురికొస ఉండ తోట బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోవలెను. కాపలా కాయకూడదు.

5. ఈ ఏప్రిల్‌లో పుల్లలు ఇంకో చోట కూడా గుచ్చి ఉన్నాయి. పూలబారు చివర, ఏ మొక్కా లేని ఖాళీ నేల చుట్టూ. మధ్యలో జింకు రేకు ముక్క. మొక్క పేరు, నాటే నెల ఊనా అలాంటి రేకుల మీదే పెన్సిలుతో రాసేది. పాపీని పూత అయిపోయి, ఆకులు ఎండి నిద్రలో ఉన్నప్పుడే నాటాలి. రేకు మీద ఆమె దస్తూరీతోనే ఇలా ఉంది: డోర్కస్. ఆగస్టు.

6. నన్ను చర్చి శ్మశానంలో పూడ్చవద్దు. దహనం చేసి, బూడిదను ఆ చోటనే పెట్టవలెను. చెల్లెలు నన్ను క్షమించి పిలుస్తోందో, లెక్క తేల్చుకోవడానికి పిలుస్తోందో నాకు తెలియదు. భయంగా ఉంది. అయినా వెళ్తాను. ఇరవై ఆరేళ్లుగా ఊనా గదిలోని ఆ కిటికీ పరదా తీసే ధైర్యం చేయలేదు. ఇవాళ తీశాను.

1957 జూన్ 3.
(సం.) డోర్కస్ గర్లింగ్

సాక్షులు: డాక్టర్ హ్యూ పెటింగిల్, పోస్టాఫీసు ఐవీ థర్కెటిల్.
ఆమె మా ఎదుట సంతకం చేసినది. రేకు ముక్కను ఇద్దరమూ చూశాము. రెండు నెలల వానలు పడినా రాత చెదరలేదు.