కెజియా కూర్చున్న చోటు

ఆష్‌బ్రూక్ గ్రామం, మసాచుసెట్స్ కాలనీ
1692 ఆగస్టు 30, మంగళవారం

అమ్మాయి జెరూషాకు, నిన్ను ఈ లోకంలోకి అందుకున్న మంత్రసాని డోర్కస్ అత్త రాస్తున్నది. దేవుడు నీకు ఓర్పునిచ్చుగాక.

మీ అమ్మ కెజియాను ఈ ఉదయం ఎనిమిదింటికి ఉరి తీశారు.

బోస్టన్‌లో ఎవరో ఏదో చెప్పకముందే నేను చూసింది రాస్తున్నాను. ముడి సరిగా పడలేదు, మెడ విరగలేదు. నిచ్చెన లాగేశాక పావుగంట దాకా కాళ్లు కొట్టుకుంది. చివరికి తలారి ఆమె మోకాళ్లు పట్టుకుని కిందికి వేలాడాడు. ఊడిపడిన చెప్పును జనం తన్నుకుంటూ ఆడారు. శవాన్ని బండల మధ్య గుంటలో పడేశారు. ఒక చెయ్యి పైకే ఉండిపోయింది. దాని మీద నేను మట్టి కప్పాను.

ఇదంతా ప్రార్థన మందిరంలో మొదలైంది. కిందటేడు కోతలయ్యాక పెద్దలు పరువును బట్టి బెంచీల మీద చోట్లు కొత్తగా పంచారు కదా. మీ అమ్మను రెండో బెంచీకి తెచ్చి, బ్యూలా స్పర్లింగ్‌ను నాలుగో బెంచీకి పంపారు. "నిన్నటిదాకా నా వెనక కూర్చున్నది. ఇక దాని టోపీ చూస్తూ ప్రార్థన చెయ్యాలా?" అని బ్యూలా ఇల్లిల్లూ తిరిగింది. చలికాలంలో ఆమె దూడ చచ్చింది. ఉత్తరాన యుద్ధంలో తమ్ముడు పోయాడు. మార్చిలో ఆమెకు మూర్ఛలు మొదలయ్యాయి. కెజియా రూపం వచ్చి గుండెల మీద కూర్చుంటోందని చెప్పింది. మంత్రగత్తె అని మీ అమ్మను జైల్లో వేశారు.

ఒప్పుకుంటే బతుకుతావన్నారు జడ్జీలు. "చెయ్యనిది చేశానని చెప్పి, మళ్లీ ఏ మొహంతో ప్రార్థనకు పోను?" అంది మీ అమ్మ.

తర్వాత తొమ్మిదిమంది ఆడవాళ్లు ఆమె బట్టలిప్పి వెతికారు. తొడల మధ్య బుడిపె కనబడింది. దెయ్యం పాలు తాగే చోటన్నారు. అందులోకి బొంత సూది అంగుళం లోతు దించారు. రక్తం కారింది గానీ మీ అమ్మ కదల్లేదు. నొప్పి లేకపోవడమే రుజువైంది.

నిచ్చెన ఎక్కేటప్పుడు ఎవడో అరిచాడు, "ఏమ్మా కెజియా, ముందుకు రావాలని ముచ్చటపడ్డావుగా, ఇప్పుడు అందరికన్నా పైనున్నావ్" అని. మీ అమ్మ వాణ్ని పట్టించుకోలేదు. గుంపులో ఒకామెను చూసి, "అక్కడ చలిగాలి కొడుతుంది, శాలువా తెచ్చుకో" అంది.

నువ్వు రావద్దు. మంత్రగత్తె కూతురు ఎక్కడుందని కానిస్టేబుల్ అప్పుడే అడిగాడు.

ఇట్లు,
డోర్కస్ పిమ్

తా.క. ఆ బుడిపె సంగతి చెప్పాలి. నువ్వు ఎదురుకాళ్లతో పుట్టావు. చిరిగిన కండను నారదారంతో కుట్టింది నేనే. వంకరగా మానింది. అక్కడ స్పర్శ లేదని మీ అమ్మే నాతో చెప్పింది. వెతికిన తొమ్మిదిమందిలో నేనొకదాన్ని. "నీకు తెలియాలిగా డోర్కస్, ఏమిటిది?" అనడిగారు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదన్నాను. నోరు తెరిస్తే నన్నూ పట్టుకుంటారని భయం. అదొక్కటే కాదు. అప్పటికే రెండో బెంచీలో ఆమె చోటు నాకిచ్చారు. ఆమె తిరిగొస్తే నేను లేవాలి. శాలువా మాట ఆమె అన్నది నాతోనే; చలిగాలి కొట్టేది ఆ బెంచీ చోటులోనే.

ఈ కాగితం దాచు. జడ్జీలు వినే రోజు వస్తే చూపించు.

ఆ చోటు తనకొస్తుందనుకుంది బ్యూలా. ఆదివారం నుంచి ఆమె గుండెల మీద నా రూపం కూర్చుంటోందట. గురువారం ఉదయం తొమ్మిదింటికి నా బట్టలిప్పి వెతుకుతారు. సూది బ్యూలా తెస్తుంది.